పళ్ళు పీకించిన కంటి డాక్టరు

మా కంటి డాక్టరు గారు పోయారన్న కబురు నాకు బస్సులో తెలిసింది. గూడూరు నుంచి వస్తుంటే, మా పాత కాంపౌండరు వెనక సీట్లోంచి వంగి, "సిస్టరమ్మా, విన్నావా? మన పెద్దాయన పోయినాడు," అని కళ్ళొత్తుకున్నాడు. "అంత మర్యాదస్తుడు మళ్ళీ పుట్టడు. ఎవుర్నన్నా నొప్పించే మాట అన్నాడా ఎప్పుడన్నా?" అన్నాడు. పోయినవాళ్ళని ఏమీ అనకూడదని మా అమ్మ నేర్పింది. నీ నోరు నిన్ను అన్నం తిననివ్వదే అని కూడా ఆ అమ్మే అంటుండేది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే దాకా ఆ నోరు కట్టేసుకున్నాను. ఇక నా వల్ల కాదు.

నొప్పించే మాట అనలేదన్నది నిజమే, పెద్దిళ్ళ వాళ్ళని. ఆ మర్యాదకి ఒక ఆడమనిషి నోట్లో పళ్ళన్నీ, ముఖాన ఒక కన్నూ పోయాయి. కాంపౌండరుకి తెలియని సంగతి కాదిది. అప్పుడు తనూ అక్కడే ఉన్నాడు. మనవాళ్ళకి మర్యాద కనిపిస్తే చాలు, ఇంకేమీ చూడరు.

నేను ఆ ఆస్పత్రిలో నర్సుగా చేరేటప్పటికి నయాపైసలు కొత్తగా వచ్చి, సంతలో జనం ఒకళ్ళమీద ఒకళ్ళు అరుచుకుంటున్నారు. డాక్టరు గారికి అప్పటికే యాభై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నెల్లూరు ఎండాకాలంలో కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చుంటాయి గానీ ఆయన చొక్కా మడత చెదిరేది కాదు. కంట్లో వేసే చుక్కల సీసాని ముందు అరచేతిలో పట్టుకుని కాసేపు వెచ్చబెట్టేవారు. "చల్లటి చుక్క పడితే కన్ను ఉలిక్కిపడుతుందమ్మా," అని నాకు నేర్పింది ఆయనే. ఈ రోజుకీ నేను అలాగే వేస్తాను. మా నాన్న పోయినప్పుడు మా చర్చి వెనక సమాధుల దొడ్డిలో, మట్టి పూడ్చేదాకా, తలమీద గుడ్డ కూడా లేకుండా ఎండలో నిలబడ్డారు. ఇవన్నీ మర్చిపోయి మాట్లాడటం లేదు. గుర్తుండే మాట్లాడుతున్నాను, అందుకే ఇంత మంట.

ఆస్పత్రిలో కంటి రోగులకి రెండు చోట్లు ఉండేవి. వీధి వైపు రేకుల షెడ్డులో ఉచితంగా చూసేవారు. వెనక వైపు స్పెషల్ వార్డు. అక్కడ గదికో మంచం, కిటికీకి పచ్చ గుడ్డ, పెద్దిళ్ళ ఆడవాళ్ళు. స్పెషల్ వార్డు గుమ్మం దగ్గర డాక్టరు గారు ఆగి ఒకసారి దగ్గేవారు. లోపల వాళ్ళు పైట సర్దుకునేదాకా అడుగు వేసేవారు కాదు. వేశాక కూడా రోగిని ఏమీ అడిగేవారు కాదు, పక్కన కుర్చీలో ఉన్న మగమనిషిని అడిగేవారు.

"అమ్మగారికి నొప్పి ఎలా ఉందండీ?"

ఆ మగమనిషి మంచం వైపు తిరిగి, "ఎట్టుందే?" అనేవాడు.

"అట్నే ఉంది."

"అట్నే ఉందంట," అని డాక్టరు గారికి అప్పజెప్పేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత తతంగం ఉండదు. నేను ట్రే పట్టుకుని వెనక నిలబడి నవ్వాపుకునేదాన్ని, మొదట్లో.

షెడ్డులో ఆయనకి ఇంకో గొంతు ఉండేది. కోతల కాలంలో వడ్ల ఊక గీసుకున్న కళ్ళు, గూడూరు మైకా షెడ్లలో పెచ్చు ఎగిరి గుచ్చుకున్న కళ్ళు, ఆకుపసరు పిండిన కళ్ళు, చంటిపిల్లల తల్లుల్ని బతిమాలి చనుబాలు పోయించుకున్న కళ్ళు, అన్నీ బారుగా బెంచీల మీద కూర్చునేవి. "ఏమ్మే, ఏం పోసినావు కంట్లో? నిజం చెప్పు. చెప్పకపోతే గుడ్డిదానివై పోతావు," అని గదమాయించేవారు. ఆ తిట్లకి నేను తప్పు పట్టను. అక్కడ ఆయన అడిగేవారు. అడిగితే జవాబు వచ్చేది, జవాబొస్తే మందు దొరికేది. స్పెషల్ వార్డులో అడిగేవారు కారు.

ఇప్పుడు అసలు రోగం సంగతి చెప్పాలి. మామూలు కళ్ళకలక కాదు. అది పుసికట్టి, మంటెత్తి, వారంలో పోతుంది. ఇది కంటి లోపలి వాపు. కన్ను ఎర్రబడుతుంది, వెలుగు చూస్తే సూదులు గుచ్చినట్టుంటుంది, లోపలి పాప కుంచించుకుని వెనకున్న అద్దం లాంటి కటకానికి అతుక్కుపోతుంది. అతుక్కోకుండా పాపని విప్పార్చే చుక్కలు వేస్తాం, వేడి కాపడం పెడతాం. ఆ రోజుల్లో కాచిన పాలు తుంటికి సూది వేసి జ్వరం తెప్పించేవాళ్ళు కూడా, ఆ వేడికి కంట్లో వాపు తగ్గుతుందని. ఎన్ని చేసినా ఇదంతా పైపూత. ఎందుకొచ్చిందో తెలుసుకుని దాన్ని కొట్టకపోతే మళ్ళీ వస్తుంది, మళ్ళీ మళ్ళీ వచ్చి కన్ను తీసుకుపోతుంది.

ఎందుకొస్తుందంటే క్షయ వల్ల రావచ్చు. సవాయి వల్ల రావచ్చు. సవాయి అంటే మనవాళ్ళు గుసగుసగా సుఖరోగం అంటారే, అది. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, దాంతో మా దగ్గరికొచ్చిన ఆడవాళ్ళలో సుఖపడిన ముఖం ఒక్కటీ నేను చూడలేదు. రక్తపరీక్ష చేస్తే తెలిసిపోతుంది, పెన్సిలిన్ సూదులతో లొంగుతుంది. ఇవి కాక, పళ్ళ వేళ్ళల్లో దాగిన చీము కూడా కంటికి ఎక్కుతుందని అప్పటి పెద్ద డాక్టర్లందరూ నమ్మేవాళ్ళు. అది మా డాక్టరు గారి సొంత కల్పన కాదు, అంతవరకు ఆయనకి న్యాయం చెప్పాలి.

అన్యాయం ఎక్కడంటే పంపకంలో. షెడ్డులో కూర్చున్న ఆడదానికి లోపలి వాపు వస్తే మొదటి రోజే, అందరి ముందూ, "రక్తం పంపండి" అనేవారు. అదే వాపుతో స్పెషల్ వార్డులో ఆడమనిషి పడుకుంటే పళ్ళు పీకించేవారు. అక్కడ రక్తపరీక్ష మాటే లేదు. కూలీనాలీ చేసుకునేవాళ్ళకి సుఖరోగం, పెద్దిళ్ళ వాళ్ళకి పిప్పిపన్ను. రోగాన్ని చూసి కాదు, ఇంటిని చూసి కారణం చెప్పేవారు. కొన్నాళ్ళకి మా ఆస్పత్రిలో అదే శాస్త్రమైపోయింది. "చూడండి, పెద్దిళ్ళల్లో ఆ రోగమే లేదు," అని కొత్తగా వచ్చిన చిన్న డాక్టర్లకి చూపించేవారు. వెతకని చోట ఏం దొరుకుతుంది?

అల్లూరమ్మ స్పెషల్ వార్డుకి వచ్చింది ఆ రోజుల్లోనే. అల్లూరు నుంచి వచ్చింది కాబట్టి వార్డంతా ఆమెని అల్లూరమ్మ అనే అనేది. ముప్పై దాటిన మనిషి. రెండు కళ్ళూ ఎర్రగా, కుడికన్ను మరీనూ. మొగుడికి బియ్యం వ్యాపారం, నెలకి సగం రోజులు మద్రాసులోనే. మా ఆస్పత్రి కమిటీలో సభ్యుడు కూడా. వస్తే డాక్టరు గారితో కాఫీ తాగకుండా పోయేవాడు కాదు.

వచ్చిన వారంలోనే పైపళ్ళు రెండు పీకించారు. తగ్గలేదు. ఇంకో నాలుగు పీకించారు. పాలసూది వేశారు, జ్వరంతో వణికిపోయింది, కళ్ళు కాస్త తేటపడ్డాయి. ఇంటికి పోయింది. మళ్ళీ వచ్చింది. మిగతావి పీకించారు. దవడపళ్ళు తీసేటప్పుడు తల నేనే పట్టుకున్నాను. గట్టి పళ్ళు, తెల్లగా, వేళ్ళతో సహా బంగారం లాంటివి. పంటి డాక్టరు వాటిని గిన్నెలో వేస్తూ, "ఒక్కదాంట్లో కూడా చీము లేదే," అని తనలో తను అనుకున్నాడు. కొండను తవ్వితే ఎలకైనా దొరకలేదు.

అయినా ఆ మనిషి మాటల్లో సరదా తగ్గలేదు. దూదితో నోరు నింపుకునే, "పన్ను పోతే పోనీ సిస్టరమ్మా, కన్ను మిగిల్తే చాలు. జంతికలు తినకుండా చచ్చినోళ్ళు ఎవురూ లేరు గదా," అనేది. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం అప్పుడే మొదలైంది. పళ్ళన్నీ పోయాక, చూస్తుండగానే కుడికన్ను పోయింది. పాప మూసుకుపోయి, గుడ్డు రాయిలా గట్టిపడి, తెల్లారి లేచి ఎడమకన్ను మూసుకుని, కిటికీ ఎటువైపో అడిగింది.

ఆ నెలలోనే బోగోలు పక్క పాలెం నుంచి చేపలమ్ముకునే ఆమె ఒకతి వచ్చింది. ఆమెవీ అవే కళ్ళు, అదే వాపు. షెడ్డులో అందరి ముందు డాక్టరు గారు, "ఏమ్మే, యాడ్యాడ తిరిగినావు?" అన్నారు. ఆమె సిగ్గుతో చచ్చి, తల కొంగులో దూర్చుకుంది. రక్తం పంపారు, రోగం తేలింది, సూదులు పడ్డాయి. మొగుణ్ణి పిలిపించి వాడికీ వేయించమని పాలెం పెద్దలకి కబురు పెట్టారు. వాళ్ళు వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. ఆమె కళ్ళు కొబ్బరినీళ్ళలా తేటపడ్డాయి.

కాపడం పెట్టేటప్పుడు ఇద్దర్నీ వెనక వరండాలో పక్కపక్కనే కూర్చోబెట్టేదాన్ని, ఒకే కెటిల్లో నీళ్ళతో. వెలుగు చూడలేని ఇద్దరు ఆడవాళ్ళు, కళ్ళమీద తడిగుడ్డలు, వంటల గురించి, పిల్లల గురించి మాట్లాడుకునేవారు. ఒకరోజు గుడ్డ తీసి అల్లూరమ్మ నన్నడిగింది.

"సిస్టరమ్మా, ఈమె నాకంటే ఎనక వచ్చింది, ముందు పోతా ఉంది. ఈమెకిచ్చిన సూదులు నాకెందుకు ఇయ్యలేదు?"

నేను నీళ్ళు నమలలేదు. ఆ రోగమేమిటో, ఏ పరీక్షో, అది ఎవరి నుంచి వస్తుందో, దాచకుండా చెప్పాను. ఆమె చాలాసేపు తడిగుడ్డని పిండుతూనే ఉంది. బోగోలామె ఆమె మోకాలి మీద చెయ్యేసింది.

అదే పూట డాక్టరు గారి దగ్గరికి పోయాను. చేతులు కడుక్కుని ఒక్కో వేలూ తుడుచుకుంటున్నారు.

"సార్, అల్లూరమ్మగారికి రక్తం పంపుదామా? ఒక కన్ను ఇంకా ఉంది."

"ఎవరింటి అమ్మో తెలుసు గదా నీకు."

"తెలుసు సార్."

"అడగకూడనివి కొన్ని ఉంటాయమ్మా. ఆ పరీక్ష రాస్తే ఆ ఇల్లాలిని ఏమన్నట్టు?"

"ఇల్లాలిని ఏమీ అనబళ్ళేదు సార్. ఇంటాయన్ని అడగండి."

నేనేదో గచ్చు మీద ఉమ్మేసినట్టు చూశారు నన్ను. తువ్వాలు మడిచి, కొక్కేనికి తగిలించి, "ఇది సంసారులొచ్చే ఆస్పత్రమ్మా," అన్నారు. అంతే. గొంతు పెంచలేదు. ఆయన గొంతు పెంచి ఉంటే నేను కూడా పెంచి ఉండేదాన్ని. మెత్తగా మాట్లాడేవాడితో పోట్లాడటం ఉత్త చేతుల్తో నూనె పట్టుకోవడమే.

మర్నాడు అల్లూరాయన వచ్చాడు. డాక్టరు గారు గుమ్మంలో దగ్గి లోపలికి వచ్చారు. ఆయన అలవాటుగా మొగుడి వైపు తిరిగేలోపలే మంచం మీంచి ఆమె అంది, "డాక్టరు గారా, నాక్కూడా రక్తం తీయండి."

డాక్టరు గారు ఆమెని చూడలేదు, మొగుణ్ణి చూశారు. మొగుడు నవ్వాడు. "దాని వొంట్లో రక్తం యాడుంది, తీసేదానికి?"

"బోగోలామెకి తీసినారు. బాగైంది."

"ఆ రోగాలు వాళ్ళకొస్తాయి. మనకెందుకొస్తాయి?"

"నాకెందుకొచ్చిందో నువ్వే చెప్పాల."

మొగుడి ముఖం నల్లబడింది. అప్పుడైనా మా డాక్టరు గారు నోరు తెరుస్తారని చూశాను. తెరిచారు. "అమ్మగారు బాగా అలిసిపోయి ఉన్నారు. ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటే మంచిదేమోనండీ," అన్నారు. మధ్యాహ్నానికల్లా ఆమెని పంపించేశారు. కారు దాకా వెళ్ళి, తలుపు తనే తీసి పట్టుకున్నారు. ఎర్రగా వాచిన ఒక్క కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె లోపలికి వంగుతుంటే, తల తగలకుండా పైన చెయ్యి పెట్టారు కూడా. ఆ చేతిని నరకాలనిపించింది నాకు. క్రిస్టియన్ మనిషిని, ఇలా రాయకూడదు, కానీ అనిపించింది.

నన్ను కూడా తిట్టలేదు. "షెడ్డులో నీలాంటి చురుకైన పిల్ల కావాలమ్మా," అని అక్కడికి మార్చారు.

షెడ్డులో చేరిన కొన్నాళ్ళకి, ఒక సోమవారం, ఆడవాళ్ళ వరసలో బోగోలామె కనిపించింది. ఆమె కళ్ళు బాగానే ఉన్నాయి. పక్కన ఇంకో ఆమె గొంతుక్కూర్చుని ఉంది. మోకాళ్ళ పైకి బిగించి కట్టిన ముతక కోక, మెళ్ళో పసుపుతాడు తప్ప పూస కూడా లేదు, తలమీంచి ముఖం దాకా కొంగు. వెలుగు భరించలేని మనిషని తెలుస్తూనే ఉంది. "మా తోడికోడలు," అంది బోగోలామె, నా వైపు చూడకుండా. ఆ తోడికోడలు దాహమేస్తోందని అడగబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి నాకు తెలుసు.

"ఏందిది?" అన్నాను బోగోలామె చెవిలో.

"పుట్టింటికని చెప్పి వచ్చింది. కోక నాదే," అంది. "ఆయన మాలాంటోళ్ళని అయితేనే గదా అడిగేది. అడగనీ."

డాక్టరు గారు వరసలో ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చారు. ఆమె కొంగు తీసి, రెప్ప ఎత్తి, టార్చి వేశారు. ఏడాదిగా చూసిన కన్ను. పక్కన తను చేజార్చిన కన్ను. తను పీకించిన నోరు. అయినా ఆయన గొంతు ఏమాత్రం మారలేదు.

"ఏమ్మే, యాడ్యాడ తిరిగినావు?"

అల్లూరమ్మ నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసింది.

"నేను గడప దాటలా సార్. మా ఇంటాయన తిరిగినాడు. మీతో కాఫీ తాగతాడే, ఆయన."

షెడ్డులో అందరూ విన్నారు. కాంపౌండరు విన్నాడు. డాక్టరు గారు టార్చి ఆర్పారు. రెప్పని మెల్లగా వదిలారు. తల ఎత్తకుండా, నా వైపు కూడా చూడకుండా, "రక్తం పంపండి," అన్నారు. తర్వాతి మనిషి దగ్గరికి పోయారు.

ఆమె ఆ మాట అనకముందే ఆయన గుర్తుపట్టారా, లేదా? ఇన్నేళ్ళుగా నన్ను తొలిచేది ఇదే. గుర్తుపట్టకపోతే ఆయనేం కంటి డాక్టరు? గుర్తుపట్టి, ఆమె కోక మార్చుకుని వచ్చింది కాబట్టి ఇక తన నోటికి అడ్డు లేదని అడిగి ఉంటే, ఆయనేం మనిషి? రెంటిలో ఏదైనా నా కోపం తగ్గదు.

పరీక్షలో రోగం తేలింది. చేపల మార్కెట్టు వెనక బోగోలామె అక్క ఇంట్లో ఉండి, రోజూ వచ్చి నా చేత సూదులు వేయించుకుంది. వాపు తీసింది. పాప పూర్తిగా విచ్చుకోలేదు గానీ, వేళ్ళు లెక్కపెట్టింది, నా ముఖం పోల్చుకుంది, చివరికి బియ్యంలో రాళ్ళు ఏరగలిగింది. "గుడ్డికన్నా మెల్ల మేలన్నారు గదా," అని నవ్వింది, ఆ బోసినోటితోనే. ఆ కన్ను ఆమెకి డాక్టరు గారు ఇచ్చింది కాదు. ముతక కోక ఇచ్చింది.

డాక్టరు గారు ఆ తర్వాత మారారని రాస్తే బాగుంటుంది. మారలేదు. స్పెషల్ వార్డు గుమ్మంలో దగ్గుతూనే ఉన్నారు, గట్టి పళ్ళు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. నేను అక్కడ ఉద్యోగం వదిలేసేదాకా చూశాను. రేపు ఆయన ఫొటోకి దండ వేసి, ఎవర్నీ నొప్పించని మనిషని సభలో చెప్తారు. ఆ సభలో ముందు వరసలో కూర్చునే మగవాళ్ళకి ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం.

సూదులు అయిపోవచ్చిన రోజుల్లో ఒక్కసారి మళ్ళీ ఆయన్ని అడిగాను. "సార్, ఆమె మొగుడికి కూడా వేయకపోతే మళ్ళీ అంటుకుంటుంది. ఆ ఉన్న కన్నూ పోతుంది. బోగోలామె మొగుణ్ణి పిలిపించినట్టు ఆయన్నీ పిలిపించండి." డాక్టరు గారు కిటికీ వైపు తిరిగారు. "అది నా వల్ల కాదమ్మా. ఆయనతో నాకు ఇరవై ఏళ్ళ స్నేహం," అన్నారు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది. ఉంటే ఎవరికి లాభం?

ఆఖరి సూది వేసి, దూది నొక్కి పట్టుకుని, ఆ సంగతి నేనే ఆమెకి చెప్పాను. మీ ఇంటాయన సూదులు వేయించుకోకపోతే ఇదంతా వృథా అని, ఆయన్ని అడిగేవాళ్ళు ఎవరూ లేరని దాచకుండా అనేశాను. అల్లూరమ్మ కోక కుచ్చిళ్ళు సర్దుకుని లేచి నిలబడింది.

"అడగబాకండి సిస్టరమ్మా. ఆయన్ని అడిగే మొగోడు ఈ జిల్లాలో పుట్టలా," అంది. "నేను పడుకునే గదికి లోపలేపు గడియ ఉండాది."